తండ్రి తొట్టి, కొడుకు మట్టి

మూడేళ్ల క్రితం మా ఇంటికి ఆరు గోల్డ్ ఫిష్‌లు వచ్చాయి. తొమ్మిదో రోజుకి ఒకటి మిగిలింది. పదకొండో రోజున అదీ పోయింది. తొట్టి అమ్మినాయన చెప్పినట్టే అన్నీ చేశాం. రాత్రంతా పంపు నడిపాం, నీలం మందు నాలుగు చుక్కలు వేశాం, పొద్దున్నే చేపల్ని వదిలాం. మొదటి చేప తేలగానే నేను ఇంకాస్త శ్రద్ధ చూపించి, తొట్టంతా ఖాళీ చేసి, గులకరాళ్లు, ఫిల్టర్‌లోని స్పాంజి అన్నీ కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగాను. ఆ తర్వాత చావులు ఇంకా వేగంగా జరిగాయి. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. "నీళ్లు ఇంత తెల్లగా ఉన్నాయి కదా నాన్నా, మరి ఎందుకు చచ్చిపోతున్నాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసం వెతుకుతూ వెళ్తే లండన్‌లో ఒక ఇల్లు, పారిస్‌లో ఒక గాజు గొట్టం, మాంచెస్టర్‌లో మురుగునీటి సీసా తగిలాయి. అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించింది ఒక తండ్రీకొడుకుల కథ. ఇద్దరి పేరూ రాబర్ట్ వారింగ్టనే. ఇద్దరూ రసాయన శాస్త్రజ్ఞులే. తండ్రి చేపల తొట్టిని కనిపెట్టినవాళ్లలో ఒకడు. ఆ తొట్టిలో చేప ఎందుకు బతుకుతుందో, ఎందుకు చస్తుందో చెప్పే సంగతి మీద కొడుకు పదిహేనేళ్ల దాకా పనిచేశాడు, కాకపోతే పొలం మట్టిలో. ఒకే ఇంట్లో ఉన్న ఈ రెండు విషయాలూ ఒకదాన్నొకటి కలుసుకోవడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

ముందు చేపల్ని చంపేదేమిటో చెప్పుకుందాం. చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల ద్వారానే, అమ్మోనియా రూపంలో వదిలేస్తుంది. అంటే ఊపిరి తీసినంతసేపూ విషం వదులుతూనే ఉంటుంది. నదిలో అయితే ఆ విషం కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికీ పోదు. కొన్ని రకాల బాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. నెత్తుట్లోని హిమోగ్లోబిన్‌ని ప్రాణవాయువు మోయలేని సరుకుగా మార్చేస్తుంది, నెత్తురు గోధుమరంగుకి తిరుగుతుంది. ఇంకొన్ని బాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. అది అంత ప్రమాదం కాదు, అప్పుడప్పుడూ కొన్ని నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండవు. రాళ్లకీ స్పాంజికీ గాజుకీ అంటుకుని బతుకుతాయి. కొత్త తొట్టిలో అవి దాదాపు ఉండవు. పైగా పెరగడంలో మహా నెమ్మది. మామూలు బాక్టీరియా ఇరవై నిమిషాలకి రెండింతలైతే, ఇవి రెండింతలవడానికి గంటలకి గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అవి స్థిరపడేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు, తొట్టిని చేపలు లేకుండా నడపడాన్నే ఇవాళ సైక్లింగ్ అంటున్నారు. నేను కుళాయి కింద కడిగేసింది అప్పుడప్పుడే మొదలవుతున్న ఆ కాపురాన్ని. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మిగిలిన పని పూర్తి చేసుంటుంది.

ఇక కథ. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ చిమ్మట ప్యూపాని ఒక గాజు సీసాలో మట్టిలో పెట్టి మూత వేశాడు. దాని సంగతి అటుంచి, సీసాలో ఒక ఫెర్న్ మొక్క మొలిచింది. పొగతో నిండిన లండన్‌లో బయట బతకని మొక్క, మూసిన గాజులో బతికింది. వార్డ్ పెట్టెలని పేరుపడ్డ ఆ గాజు పెట్టెల్లోనే తర్వాత రాబర్ట్ ఫార్చూన్ చైనా నుంచి తేయాకు మొక్కల్ని ఇండియాకి దాటించాడు. మనం రోజూ తాగే చాయ్‌కీ చేపల తొట్టికీ అలా ఒక ఉమ్మడి తాత ఉన్నాడన్నమాట. 1845లో ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను ఎత్తేశారు. గాజు చవకైంది. పెట్టెలో మొక్క బతికితే నీళ్లలో చేప ఎందుకు బతకదు అన్న ప్రశ్న ఆ కాలంలో చాలామందికి ఒకేసారి తట్టింది.

వాళ్లలో ఒకరు ఆనా థిన్. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పెద్ద హోదాలో ఉన్న మతాధికారి భార్య. 1846లో టార్కీ సముద్రతీరం నుంచి కొన్ని పగడపు జీవుల్ని కూజాలో లండన్ తెచ్చుకుంది. సముద్రపు నీళ్లు అయిపోతే మళ్లీ తెప్పించుకోవడం తేలిక కాదు. అందుకని ఉన్న నీటినే తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, రోజూ అరగంట, ముప్పావుగంట సేపు ఎత్తి పోయించేది. తిరగేసి పోసింది ఆవిడ కాదు, పనిమనిషి. అక్వేరియం చరిత్రలో మొట్టమొదటి ఎయిర్ పంపు ఆ అమ్మాయి చేతులే. ఆమె పేరు నాకెక్కడా కనబడలేదు. పగడాల పేర్లు మాత్రం లాటిన్‌లో సహా దొరికాయి.

పెద్ద వారింగ్టన్ లండన్‌లోని అపోతెకరీస్ హాల్‌లో రసాయనికుడు. 1841లో కెమికల్ సొసైటీ పుట్టడానికి ముఖ్య కారకుడు కూడా. 1849లో పన్నెండు గాలన్ల గాజు పాత్ర ఒకటి తీసుకుని, సగం దాకా ఊట నీళ్లు పోసి, అడుగున ఇసుక, బురద, కొన్ని రాళ్లు వేసి, వాలిస్నేరియా అనే నీటిమొక్కని నాటి, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లని వదిలాడు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత మొక్క పండుటాకులు కుళ్లి నీళ్లు మురికిపట్టాయి. అప్పుడు చెరువు నత్తల్ని ఐదారింటిని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని తినేశాయి, వాటి గుడ్లని చేపలు తిన్నాయి, నీళ్లు తేటపడ్డాయి. 1850 మార్చిలో కెమికల్ సొసైటీకి ఈ సంగతంతా నివేదించాడు. చేప వదిలే బొగ్గుపులుసు గాలిని మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలే ప్రాణవాయువుని చేప తీసుకుంటుంది, నత్త పాకీపని చేస్తుంది. లెక్క సరిపోయింది. సమతూకంలో ఉన్న అక్వేరియం అన్న మాట అక్కణ్ణించే బలపడింది.

అంత అందమైన లెక్కలో నత్రజని పద్దు లేదు. వారింగ్టన్ రెండు చేపలు బతకడానికి మొక్కలూ నత్తలూ కారణమే, కాదనను. మొక్కలు కొంత అమ్మోనియాని నేరుగా పీల్చుకుంటాయి కూడా. కానీ ఆయన అడుగున వేసిన ఆ బురదా రాళ్లూ ఉన్నాయే, వాటితో పాటు కంటికి కనబడని పనివాళ్లు కూడా తొట్టిలోకి దిగారని నా అనుమానం. వాళ్లకి ఆ వ్యాసంలో చోటు లేదు. ఉండే వీలూ లేదు. పులియడానికి సూక్ష్మజీవులే కారణమని పాశ్చర్ చెప్పడానికి ఇంకా ఏడెనిమిదేళ్లుంది. అప్పటికి ఆయన కొడుక్కి పదకొండేళ్లు. తండ్రి ప్రయోగశాలలోనే రసాయన శాస్త్రం నేర్చుకున్న పిల్లాడు.

తర్వాతి పదేళ్లూ ఇంగ్లండ్‌లో పిచ్చి. 1853 మేలో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన 'ది అక్వేరియం' వచ్చింది. ఆ పేరు జనంలో నిలబెట్టింది ఆయనే. గాస్ పద్ధతుల్లో నాకు భలే నచ్చినదొకటుంది. లవణాలు కలిపి కృత్రిమ సముద్రపు నీళ్లు తయారుచేసుకున్నప్పుడు, ముందు తీరంలోని గులకరాళ్లు, నాచు వేసి, ఓ వారం ఆగి అప్పుడు జంతువుల్ని వదిలాడు. నాచు నీళ్లలో ప్రాణవాయువు నింపాలన్నది ఆయన ఉద్దేశం. కారణం సగమే తెలుసు గానీ చేసిన పని సరైన దిక్కులోనే ఉంది. ఆయన పుస్తకం చదివి తొట్లు కొన్న వేలమంది ఆ ఆగడాన్ని మాత్రం వదిలేశారు. రైళ్లెక్కి సముద్రానికి వెళ్లడం, రాళ్ల గుంటల్ని గీకి దొరికినవన్నీ సీసాల్లో వేసుకోవడం, ఇంటికొచ్చి తొట్టిలో కుమ్మరించడం, వారంలో కంపు కొడితే పారబోసి మళ్లీ వెళ్లడం. ఇంగ్లండ్ తీరంలోని ఆ రాళ్ల గుంటలు ఎలా ఊడ్చుకుపోయాయో, దానికి తన తండ్రి పుస్తకాలే ఎలా దారితీశాయో కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో రాసిన 'ఫాదర్ అండ్ సన్'లో బాధగా చెప్పుకున్నాడు. ఇక్కడా ఒక తండ్రీకొడుకులే, చూడండి.

1860ల మొదట్లోనే ఆ పిచ్చి చల్లారింది. లండన్‌లో తొట్లూ సముద్రజీవులూ అమ్మే విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ 1862లో దివాలా తీశాడు. నాకు ఈయనంటే ఇష్టం. దివాలా తీసినవాడు ఊరుకోలేదు. హాంబర్గ్ వెళ్లి 1864లో అక్కడి జూలో పెద్ద అక్వేరియం నడిపించాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియం, తర్వాత నేపుల్స్‌లో ఆంటన్ డోర్న్ పరిశోధనశాల, ఇలా యూరప్‌లో చాలా చోట్ల ఆయన సలహాలే. ఆయన సూత్రం ఒకటే. జనం చూసే తొట్లు కొన్ని, వాటికంటే ఎన్నో రెట్లు పెద్దది నేల కింద చీకటి జలాశయం, రెంటి మధ్యా నీళ్లు రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉండాలి. చీకట్లో నాచు పెరగదు, తిరిగే నీళ్లకి గాలి తగులుతుంది అని ఆయన వాదన. ఆ చీకట్లో, ఆ గొట్టాల లోపలి గోడల మీద ఇంకెవరెవరు కాపురం పెట్టారో ఆయనకీ తెలీదు. అమ్మోనియాని తినే ఆ జీవులకి వెలుతురంటే పడదు. లాయిడ్ తెలియకుండానే వాటికి మంచి ఇల్లు కట్టిచ్చాడని అనుకోవడానికి నాకేమీ ఇబ్బంది లేదు.

ఇప్పుడు పారిస్ వెళ్దాం. నేను చదివినవాటిలో అన్నిటికన్నా బాగా నచ్చిన ప్రయోగం అక్కడిదే. 1877. ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు. వాళ్ల సమస్య చేపలు కాదు, పారిస్ మురుగు. దాని వెనక ఇంకా పాత సమస్య ఒకటుంది, పెట్లుప్పు. సురేకారం అని కూడా అంటాం. తుపాకీ మందుకి అదే ప్రాణం. పాత పశువుల కొట్టాల్లో మట్టిగోడల మీద తెల్లగా ఉబ్బే ఉప్పు అదే. పశువుల మూత్రం ఇంకిన మట్టిని కడిగి, కాచి బీహార్‌లో తీసే సురేకారమే ఒకప్పుడు ఓడలకి ఓడలు ఈస్టిండియా కంపెనీ యూరప్‌కి మోసుకుపోయింది. మూత్రంలోని నత్రజని మట్టిలో సురేకారం ఎలా అవుతుంది? వట్టి రసాయన చర్యేనా, ఇంకేమైనా ఉందా? ఇదీ ప్రశ్న.

ఒక పొడవాటి గాజు గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి పైనుంచి మురుగునీటిని బొట్లుబొట్లుగా వదిలారు. ఇరవై రోజుల పాటు పైన పోసిన అమ్మోనియా అలాగే కింద దిగింది. మార్పేమీ లేదు. ఆ తర్వాత కింద నైట్రేట్ కనబడటం మొదలైంది. పెరిగి పెరిగి చివరికి అమ్మోనియా ఆనవాలే లేకుండా పోయింది. వట్టి రసాయన చర్యే అయితే మొదటి రోజే మొదలవ్వాలి కదా, ఇరవై రోజులు దేనికోసం ఆగినట్టు? తర్వాత గొట్టంలోకి క్లోరోఫామ్ ఆవిరి పంపారు. నైట్రేట్ ఆగిపోయింది. క్లోరోఫామ్ తీసేసినా మళ్లీ రాలేదు. అప్పుడు కొంచెం మంచి మట్టి కలిపిన నీళ్లు పైన పోశారు. కొన్నాళ్లకి మళ్లీ మొదలైంది. అంటే లోపల ప్రాణమున్నదేదో ఉంది.

ఈ వర్ణన చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇరవై రోజుల ఆగడం, కొత్త తొట్టి. క్లోరోఫామ్, నా కుళాయి నీళ్లు. పిడికెడు మట్టి, అనుభవజ్ఞులు పాత తొట్టిలోని మురికి స్పాంజిని కొత్త తొట్టిలో పిండటం. చేపల తొట్టి నడపడానికి కావలసినదంతా 1877లోనే అచ్చయి ఉంది. ఏ చేపలవాడూ అటువైపు చూడలేదు, అంతే.

చూడగలిగిన మనిషి ఒకడుండాల్సింది, చిన్న వారింగ్టన్. 1876లో ఆయన రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా క్షేత్రంలో చేరాడు. పారిస్ వార్త వినగానే దాన్ని పరీక్షించి నిజమేనని తేల్చాడు. తర్వాత ఇంకా ముందుకెళ్లాడు. ఈ పని ఒక జీవి చేసేది కాదు, రెండు మెట్లు, రెండు రకాల జీవులు: ఒకటి అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, రెండోది నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది అని చూపించాడు. వెలుతురు ఈ పనికి అడ్డమని కూడా గమనించాడు. తన వ్యాసాల్ని, తండ్రి రెండు చేపల కథ చెప్పిన ఆ కెమికల్ సొసైటీకే సమర్పించాడు. మనసులో ఎప్పుడైనా ఇంట్లోని ఆ గాజు పాత్ర మెదిలిందా అన్నది నాకు తెగని ప్రశ్న. తండ్రి 1867లోనే పోయాడు. అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు.

చిన్న వారింగ్టన్‌కి ఒక్క పని మాత్రం చేతకాలేదు. ఆ జీవుల్ని విడదీసి పెంచలేకపోయాడు. అప్పటి పద్ధతి ప్రకారం వాటికి జెలటిన్ లాంటి బలమైన తిండి పెట్టాడు. అవి తినలేదు. 1890లో జూరిక్‌లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ తిండే లేని తిండి పెట్టాడు, అంటే సేంద్రియ పదార్థం ఏమీ లేకుండా, వట్టి ఖనిజ లవణాలూ అమ్మోనియానూ. ఆ జీవులకి అదే విందు. గాలిలోని బొగ్గుపులుసుతో ఒళ్లు కట్టుకుని, అమ్మోనియాని మండించుకుని బతికే రకం అవి. అలాంటి బతుకు ఒకటుంటుందని అంతకుముందు పెద్దగా ఎవరూ అనుకోలేదు. పేరు వినోగ్రాడ్‌స్కీకి వచ్చింది. దాదాపు అదే సమయంలో చిన్న వారింగ్టన్ రోథమ్‌స్టెడ్ పని కూడా ముగిసింది.

మురుగు శుద్ధి చేసే ఇంజినీర్లకి ఈ కబురు తొందరగానే అందింది. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ సీసాలో మురుగునీళ్లు పోసి గాలి ఊదుతూ కూర్చున్నారు. అమ్మోనియా అంతా నైట్రేట్ కావడానికి ఐదు వారాలు పట్టింది. పైనీళ్లు వంపేసి, అడుగున మిగిలిన మడ్డిని పారేయకుండా దానిమీదే కొత్త మురుగు పోశారు. ఈసారి తక్కువ రోజులే పట్టింది. అలా చేస్తూ పోతే చివరికి 24 గంటల్లో పనైపోయింది. ఇవాళ పెద్ద పెద్ద ఊళ్ల మురుగునీటి కేంద్రాలు పనిచేసేది ఈ మడ్డి సూత్రం మీదే. ఐదు వారాలు, ఆ తర్వాత 24 గంటలు. చేపలు లేకుండా తొట్టిని సిద్ధం చేసే నేటి పద్ధతిలోనూ సరిగ్గా ఇవే అంకెలు. వేసిన అమ్మోనియా 24 గంటల్లో పూర్తిగా మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే తొట్టి సిద్ధం.

ఇళ్లలో మాత్రం పెద్ద వారింగ్టన్ సమతూకమే రాజ్యమేలింది. 1949లో న్యూయార్క్ అక్వేరియానికి చెందిన జేమ్స్ ఆట్జ్ ఆ సమతూకం వట్టి పుక్కిటి పురాణమని ఏకంగా వ్యాసం రాయాల్సి వచ్చింది. 1970లో స్టీఫెన్ స్పాట్ మూసిన తొట్లలో నీటి నిర్వహణ మీద పుస్తకం రాశాక గానీ బాక్టీరియా సంగతి అభిరుచి ఉన్నవాళ్లకి బాగా చేరలేదు. చేరాక కూడా చాలాకాలం నడిచిన సలహా ఏమిటంటే, ముందు నాలుగు చవకరకం చేపల్ని వేయండి, అవి వదిలే అమ్మోనియాతో బాక్టీరియా పెరుగుతుంది, అవి పోతే పోయాయి. ఈ సలహా ఇచ్చినవాళ్లు దుర్మార్గులేమీ కాదు. అయినా నాకు మింగుడు పడదు. అమ్మోనియా కోసమే అయితే నవాసారం ఉందిగా? అదే, అమ్మోనియం క్లోరైడ్. కళాయి పెట్టేవాళ్లు గిన్నె మీద చల్లితే గుప్పుమని తెల్ల పొగ లేచేది, గుర్తుందా? తొట్టికి ఆ ముడిసరుకు పనికిరాదు, శుద్ధమైనది తెచ్చుకోవాలి. 60 లీటర్లకి మోతాదుకి అర గ్రాము కూడా పట్టదు.

కథ అక్కడితో ఆగలేదు, ఇప్పుడు తొట్లే తిరగబడి శాస్త్రానికి పాఠం చెప్తున్నాయి. నైట్రైట్ పని చేసేది నైట్రోబాక్టర్ అని అందరూ వందేళ్లు నమ్మారు. 1998లో హోవనెక్ బృందం మంచినీటి తొట్లలో వెతికితే అక్కడ ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే వేరే జాతి అని తేలింది. 2005లో సియాటిల్ అక్వేరియం తొట్టి నుంచి తీసిన నమూనాలో అసలు బాక్టీరియానే కాని, ఆర్కియా అనే వేరే వంశపు జీవి అమ్మోనియాని తింటూ దొరికింది. 2015లో చిన్న వారింగ్టన్ చెప్పిన రెండు మెట్లూ ఒంటరిగానే ఎక్కేసే నైట్రోస్పైరాలు బయటపడ్డాయి. ఒకే రోజుల్లో రెండు బృందాలు ప్రకటించాయి. అందులో ఒకరికి అది దొరికింది చేపల పెంపకపు తొట్టికి తగిలించిన ఫిల్టర్‌లో. ఆ వార్త చదివినప్పుడు పెద్ద వారింగ్టన్ తొట్టికీ చిన్న వారింగ్టన్ మట్టికీ ఇన్నాళ్లకి చుట్టరికం కలిసిందనిపించింది.

మన వైపు ఈ చదువు పుస్తకాల్లోంచి రాలేదు. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల రైతుతో పది నిమిషాలు మాట్లాడితే అమ్మోనియా, పీహెచ్ అన్న మాటలు వానా ఎండా అన్నంత మామూలుగా వినబడతాయి. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి అర వంతు. పీహెచ్ 8కి చేరితే, 25 డిగ్రీల వేడిలో, అది ఐదు వంతుల పైనే. పదింతలన్నమాట. లక్షల పెట్టుబడి చెరువులో ఉన్నవాడికి ఈ లెక్క నోటికి రాక తప్పదు. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల పీహెచ్ 8కి కాస్త పైనే. నా ఆరు చేపల లెక్క నాకు అప్పుడు తెలిసింది.

ఇది రాస్తున్న రోజుకి మా కొత్త తొట్టికి 26 రోజులు. అదే గాజు తొట్టి, బాల్కనీలో మూడేళ్లు బోర్లా పడి ఉన్నది. ఒక స్నేహితుడి తొట్టిలోంచి తెచ్చిన నల్లటి స్పాంజి ముక్క ఫిల్టర్‌లో ఉంది. అమ్మోనియా పోయిన వారమే సున్నాకి వచ్చింది. నైట్రైట్ ఇంకా ఊదారంగు దిగడం లేదు. ఇప్పుడు తొమ్మిదేళ్ల మా అమ్మాయే గొట్టంలో చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలు గడియారం చూసి, నోట్‌బుక్‌లో రంగు పేరు రాస్తుంది. నిన్న కూరగాయలిచ్చిపోయే పెద్దాయన లోపలికి తొంగిచూసి, "ఏంటి పాపా, వట్టి నీళ్లకి లైటు వేసుకుని కూర్చున్నారు?" అన్నాడు.

"వట్టి నీళ్లు కాదు తాతా," అంది అది, నోట్‌బుక్ లోంచి తలెత్తకుండానే.